సీసా అడుగున

గాలి గొడుగుని తిరగేసే చోట,
యార్క్‌షైర్ కొండల్లో, ఓవర్‌డెన్ ఊరికి పైన
క్రాగ్‌షా కట్ట మీద నడుస్తున్నాను,
నాలుగడుగులకోసారి ఆగి.
నూట నలభై ఏడేళ్ళ మట్టి.
దూరం నుంచి చూస్తే కొండకి పుట్టిన కొండే.
గొర్రెలకి తేడా తెలియదు.

పైదారి తిన్నగా లేదు. నడిమధ్య
జానెడు కుంగింది,
ఏళ్ళ తరబడి ఒకే మనిషి కూర్చున్న సోఫా లాగ.
కుందేళ్ళ బొరియలు రెండు. రాసుకున్నాను.

కడుపులో బంకమన్ను గోడ ఉందంటారు.
తొక్కినవాళ్ళు తప్ప దాన్నెవరూ చూడలేదు.
కాళ్ళకి గోనెలు చుట్టుకుని, వానలో,
పొర మీద పొర, దినకూలికి తొక్కారు.
కంపెనీ పద్దులో గుర్రాల పేర్లున్నాయి, వాళ్ళవి లేవు.
నా రిపోర్టులో దాన్ని 'కోర్' అని రాస్తాను.
అది మడమల గుర్తుల దొంతర, ఇంకా ఆరనిది.

దిగువ వాలులో ఒకచోట గడ్డి మరీ పచ్చగా ఉంది.
ఈ ఉద్యోగంలో పచ్చదనాన్ని నమ్మకూడదు.
పక్కనే తుంగ. పొడినేల మీద తుంగ మొలవదు.
మడమతో నొక్కితే నేల
నిద్రలో కుక్కలా కదిలి సర్దుకుంది.

ఊట.
మా వైపు అది మంచి మాట.
ఏటి ఇసకలో చెలమ తీసి
దోసిలి పట్టి దానికోసం కూర్చున్నవాళ్ళం.
ఇక్కడ అదే మాటకి నిద్ర పట్టదు.

కాపలా చూసే మ్యూరియల్ బారక్లఫ్
మొదట నన్ను నమ్మలేదు, నా ట్యాబ్లెట్‌ని అసలే నమ్మలేదు.
"కారడం తప్పు కాదు" అంది, కెటిల్ పెడుతూ.
"కట్టన్నాక కారుతుంది, ముసలాళ్ళ ముక్కు లాగ.
తేటగా కారుతోందా? అదీ అడగాల్సింది."

కిటికీ గూట్లో జామ్ సీసాలు.
తండ్రి మొదలుపెట్టాడట, ఆవిడ మానలేదు:
ఒకటో తారీకున కట్ట పాదం దగ్గర ఒక సీసా పట్టడం,
చీటీ అంటించడం, రాత్రంతా కదపకుండా ఉంచడం,
తెల్లారి వెలుతురుకెత్తి చూసి పారబొయ్యడం.
ఈ ఏడాదివి మాత్రం పారబొయ్యలేదు.

ఫిబ్రవరి తేట. మార్చి తేట.
జూన్‌లోంచి చూస్తే ఆవిడ తోటలో చిక్కుడు పందిరి.
సెప్టెంబరు.
అడుగున చిటికెడు,
కాఫీ గ్లాసులో మిగిలేపాటి మడ్డి.
సీసా వంచినా వెంటనే లేవలేదు.
బరువైనది. లోపలిది.
ఎవరి మడమ కిందో అణిగిన మన్ను
ఒక్కొక్క రవ్వే ఊళ్ళోకి బయల్దేరింది.

ఇద్దరం మాట్లాడలేదు.
కింద బడి వదిలారు. ఎర్ర స్వెట్టర్లు
వంతెన దాటుతూ, ఆగి, రాళ్ళు విసురుతూ.
వద్దనుకుంటూనే లెక్క కట్టాను:
గండి పడితే వంతెనకి పదకొండు నిమిషాలు.

తూము తెరవమని సంతకం పెట్టాను,
రోజుకి ఒక్క అడుగు చొప్పున.
తొందరపడి దించితే లోవాలు
తన తడి బరువుకి తనే జారుతుంది.
భయం వేసినప్పుడే నెమ్మదిగా చెయ్యాల్సిన పని ఇది.
ఇనుప చక్రం తిరగలేదు. మ్యూరియల్ తిట్టింది
తోబుట్టువుని తిట్టినట్టు.
మూడో పట్టుకి కదిలింది.

నెల తిరిగేసరికి ఒడ్డు బురద, ఒక టైరు,
ఎప్పుడో మునిగిన దొడ్డి గోడ, దానికి గేటు కూడా.
పడవల క్లబ్బు వాళ్ళు కోపంగా ఉత్తరం రాశారు.
చేపల దుకాణంలో ఒకాయన, పొట్లం కడుతూ,
"భద్రమేనా?" అన్నాడు.
నా ఫారంలో ఆ గడి లేదు.
వెనిగర్ ఎక్కువ వెయ్యమన్నాను.

అక్టోబరు ఒకటి. మ్యూరియల్ చెయ్యి వణుకుతోంది,
చలికే అనుకుంటాను.
"ఈసారి చీటీ నువ్వు రాయి" అంది.
తారీకు రాసి అంటించాను.
గూట్లో పెట్టి, దీపం ఆర్పి,
తలుపు చప్పుడు కాకుండా వేశాం.